లిఫ్టంటే భయపడే నేను ఎస్కేప్ రూమ్‌కి వెళ్ళొచ్చాను

నేను ఒంటరిగా లిఫ్టు ఎక్కి ఆరేళ్ళు దాటింది. 2019 మే నెలలో, కూకట్‌పల్లిలో మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ముప్పై అయిదు నిమిషాలు ఇరుక్కుపోయాను. నాతోపాటు కింది ఫ్లాటు పెద్దావిడ ఉన్నారు. ఆవిడ నా చెయ్యి వదలకుండా విష్ణు సహస్రనామం చదువుతూనే ఉన్నారు. ఆ గొంతు లేకపోతే నేనేమయ్యేదాన్నో. అప్పటి నుంచి తలుపు మూసుకునే చోటు ఏదైనా సరే, లోపలికి వెళ్ళగానే గొళ్ళెం ఎక్కడుందో చూసుకుంటాను.

అలాంటి నేను మొన్న నవంబర్ 8న మాదాపూర్‌లో ఒక ఎస్కేప్ రూమ్‌కి వెళ్ళాను. అదొక ఆట. కొంతమందిని ఒక గదిలో ఉంచి తలుపు మూస్తారు, లోపల దాచిన ఆధారాలు వెతికి, చిక్కుముళ్ళు విప్పి, తాళాలు తీసుకుంటూ గంటలోపు బయటపడాలి. స్నేహితులు పిలిచినప్పుడు "నాకు భయం" అని చెప్పలేక, ఏదో పనుందని తప్పించుకునేవాళ్ళు నాలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళకోసం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్టోబర్ 24, శుక్రవారం రాత్రి మా కాలేజీ గ్రూపులో బావ మెసేజ్ పెట్టాడు. "8న రెండో శనివారం. అందరికీ సెలవే. ఎస్కేప్ రూమ్‌కి పోదామా?" బావ నిజానికి మాలో ఎవరికీ బావ కాదు. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ కనపడ్డ ప్రతివాణ్ణీ "ఏం బావా" అని పలకరించేవాడు, చివరికి ఆ పేరు తనకే ఉండిపోయింది. పెళ్ళయ్యాక వాళ్ళావిడ మాకు అక్క అయింది. కడప నుంచి వచ్చిన సీమ, పరీక్షల ముందు అందరికీ నోట్సు రాసిపెట్టే పంతులు, మా అందరికన్నా చిన్నదైన చిన్ని, నేను. మొత్తం ఆరుగురం. అయిదుగురూ పది నిమిషాల్లో సరేనన్నారు. నేను మెసేజ్ చూసి ఫోను పక్కన పెట్టేశాను.

మర్నాడు చిన్ని ఫోన్ చేసింది. "నువ్వు రాకపోతే నేనూ రాను. కానీ ఎందుకు రావో చెప్పు" అంది. చెప్పాను. లిఫ్టు సంగతి తనకు తెలుసు గానీ, ఇన్నేళ్ళయినా అది నాలో అలాగే ఉందని తెలియదు. కాసేపు మాట్లాడకుండా ఉండి, "మరి తలుపు నిజంగా తాళం వేస్తారో లేదో వాళ్ళనే అడుగుదాం" అంది. అంత మామూలు ప్రశ్న నాకు అప్పటిదాకా తోచనే లేదు.

గ్రూపులో ఈ సంగతి చెప్పగానే పంతులు ఒక పాత వార్త పంపాడు. 2019 జనవరిలో పోలెండ్‌లోని కొషాలిన్ అనే ఊళ్ళో ఇలాంటి గదిలోనే నిప్పంటుకుని, పుట్టినరోజు జరుపుకోవడానికి వెళ్ళిన పదిహేనేళ్ళ ఆడపిల్లలు అయిదుగురు బయటికి రాలేక చనిపోయారు. చదివి రాత్రంతా నిద్రపోలేదు. ఎందుకు పంపాడా అని కోపం కూడా వచ్చింది. పొద్దున్నే వాడే ఫోన్ చేసి, "భయపెట్టడానికి కాదు. ఏమేం అడగాలో తెలుస్తుందని పంపాను" అన్నాడు. ఇద్దరం కూర్చుని ప్రశ్నలు రాసుకున్నాం.

అక్టోబర్ 26 ఆదివారం నేనే ఫోన్ చేశాను. ఫోనెత్తిన అబ్బాయి ఓపికగా చెప్పాడు. గదికి మామూలు తాళం వెయ్యరు. తలుపు పైన అయస్కాంతంతో పనిచేసే లాక్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే అది తలుపును పట్టుకుంటుంది, కరెంటు పోతే దానంతట అదే వదిలేస్తుంది. తలుపు పక్కన పచ్చ బటన్ ఉంటుంది, ఎప్పుడు నొక్కినా తెరుచుకుంటుంది. లోపల కెమెరాలు ఉంటాయి, ఒక మనిషి మొదటి నుంచి చివరిదాకా చూస్తూనే ఉంటాడు. "మధ్యలో బయటికొస్తే మళ్ళీ లోపలికి రానిస్తారా?" అని అడిగాను. "రావచ్చు మేడమ్. కాకపోతే టైమ్ ఆగదు" అన్నాడు. నేను లిఫ్టులో ఉన్నప్పుడు ఏదైతే లేదో, అదే ఆ పచ్చ బటన్. ఆ ఒక్క మాటతో సరేనన్నాను.

నేను అడగనిది ఒకటుంది. లైట్లు ఆర్పుతారా అని.

శని, ఆదివారాలు మనిషికి 900, దానిమీద 18 శాతం జీఎస్టీ. తలా 1062 పడింది, ఆరుగురికి 6372. అడ్వాన్సు 2000 ఫోన్‌పేలో కట్టాం, అది తిరిగి ఇవ్వరు. రెండు నుంచి ఆరుగురిదాకా ఆడొచ్చు. ఉన్న మూడు థీముల్లో ఒకటి జైలు, ఒకటి దయ్యాల బంగళా, ఒకటి నిజాం కాలపు ఖజానా. జైలు నేను వద్దన్నాను, దయ్యాలు చిన్ని వద్దంది. ఖజానా మిగిలింది.

8వ తేదీ సాయంత్రం 4:30కి మా స్లాట్. పావుగంట ముందు రమ్మన్నారు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, నాలుగింటికే చేరిపోయాను. ఆ చోటు మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కి వెళ్ళాను. సీమ గచ్చిబౌలి నుంచి కారులో బయల్దేరి ట్రాఫిక్‌లో ఇరుక్కుని 4:40కి వచ్చాడు. ఆలస్యమైతే మన సమయంలోంచే కోస్తామని బోర్డు రాసి ఉంది. కానీ ముందు ఆడినవాళ్ళు చిందరవందర చేసిన గదిని మళ్ళీ సర్దడానికి వాళ్ళకే ఆలస్యమైంది, మమ్మల్ని లోపలికి పంపేసరికి 4:55. అంతసేపూ ఇరుకు వరండాలో కూర్చోవడం నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది. పక్క గదిలోంచి ఎవరో గోడ మీద కొడుతున్న చప్పుడు, అరుపులు. అవి ఆటలో సంతోషంగా అరుస్తున్న అరుపులే. అయినా నా అరచేతులు తడిసిపోయాయి. అక్క ఏమీ అడగకుండా నా పక్కకు వచ్చి కూర్చుంది.

లోపలికి వెళ్ళే ముందు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. మొత్తం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంది. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, మూర్ఛ వచ్చేవాళ్ళు ముందుగా చెప్పాలని అందులో ఉంది. ఇవి బుకింగ్ అప్పుడే అడగాల్సిన విషయాలు. డబ్బు కట్టి, తలుపు ముందు నిలబడ్డాక, అయిదుగురు తొందరపెడుతుంటే ఎవరు చదువుతారు? నేను చదివాను. ఆరుగురిలో చదివింది నేనొక్కదాన్నే.

ఫోన్లు, స్మార్ట్ వాచీలు, బ్యాగులు లాకర్లో పెట్టించారు. అక్క కళ్ళజోడు బ్యాగులోనే మర్చిపోయి, లోపల చిన్న అక్షరాలు చదవలేక చాలా అవస్థపడింది. కళ్ళజోడు ఉన్నవాళ్ళు దాన్ని చేతిలో పట్టుకునే లాకర్ దగ్గరికి వెళ్ళండి. చున్నీ కూడా లాకర్లోనే పెట్టేయడం మంచిది. ఒకచోట పాకుతూ వెళ్ళాల్సి వచ్చింది, చిన్ని చున్నీ రెండుసార్లు చిక్కుకుంది. లోపలికి నీళ్ళు తీసుకెళ్ళనివ్వరు, బాత్రూమ్ లేదు.

గేమ్ మాస్టర్, అంటే బయటి నుంచి చూస్తూ ఆట నడిపించే మనిషి, ఇరవై రెండేళ్ళ కుర్రాడు. నియమాలు చెప్పాడు. ఏ వస్తువునైనా రెండు వేళ్ళతో కదిలితేనే కదపాలి, బలం పెట్టకూడదు. ఎర్ర స్టిక్కర్ ఉన్న ప్లగ్గులు, ఏసీ, మంటలార్పే సిలిండర్ ఆటలో భాగం కాదు. మూడు క్లూలు ఉచితం, వాకీటాకీలో అడగాలి. నాలుగోది కావాలంటే అయిదు నిమిషాలు పోతాయి. ఫోన్‌లో అడిగింది నేనేనని గుర్తుపట్టి, నన్ను తలుపు దగ్గరికి తీసుకెళ్ళి పచ్చ బటన్ చూపించాడు. "ఒకసారి నొక్కి చూడండి మేడమ్" అన్నాడు. నొక్కాను. టక్ మని శబ్దం వచ్చి తలుపు వదులైంది. ఇంకోసారి నొక్కాను. ఆ తమ్ముడు నవ్వకుండా, తొందరపెట్టకుండా నిలబడ్డాడు. ఆ మర్యాదను ఎప్పటికీ మర్చిపోను.

గదిలో పెద్ద చెక్క బల్ల, పాత ఫోను, పుస్తకాల బీరువా, అంకెల తాళం వేసిన ట్రంకు పెట్టె, గోడ మీద చార్మినార్, మూసీ వరద ఫోటోలు, ఆగిపోయిన గడియారాలు. తలుపు పక్కన ఒక జత పాత తోలు బూట్లు. తెర మీద 60:00 కనిపించి, వెంటనే తగ్గడం మొదలైంది.

మొదటి ఏడు నిమిషాలు వృథా అయిపోయాయి. నాలుగంకెల తాళం కనిపించగానే బావ 1591 తిప్పాడు, చార్మినార్ కట్టిన ఏడాది కదా అని. రాలేదు. మూసీ వరద ఫోటో చూసి పంతులు 1908 తిప్పాడు. అదీ రాలేదు. ఒకరు తిప్పిన నంబరు ఇంకొకరికి తెలియక, అదే 1591ని సీమ రెండోసారి, అక్క మూడోసారి తిప్పారు. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం, ఎవరికీ ఎవరి మాటా వినపడటం లేదు. అంత గోలలో చిన్ని "ఫోటోల వెనకాల ఏదో రాసుంది" అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి గట్టిగా అరిచాకే తలలు తిరిగాయి. అక్కడి నుంచి పని సాగింది. పద్నాలుగో నిమిషంలో ట్రంకు పెట్టె తెరుచుకుంది. (జవాబులు బయట చెప్పొద్దని వాళ్ళు అడిగారు కాబట్టి అసలు నంబర్లు రాయడం లేదు.)

నిజం చెప్పాలంటే, ఆ అరగంటలో తలుపు సంగతి పూర్తిగా మర్చిపోయాను. నాకే ఆశ్చర్యం. చేతిలో చిరిగిన ఉత్తరం ముక్కలు, పక్కన చిన్ని, ఇద్దరం నేలమీద బాసింపట్టు వేసుకుని వాటిని అతుకుతున్నాం. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అష్టాచెమ్మా ఆడినట్టు ఉంది.

తెర మీద 29 నిమిషాలు ఉండగా సీమ బీరువాలో ఏదో మీట లాగాడు. మొత్తం చీకటైపోయింది.

అది ఆటలో భాగమే. చీకట్లో మాత్రమే కనిపించే రాత గోడల మీద ఉంది, దాన్ని చూడ్డానికి ఊదారంగు టార్చి పెట్టెలో దొరుకుతుంది. మిగతా అయిదుగురూ సంబరంగా కేకలు వేశారు. నాకు మాత్రం అది 2019 మే నెల. ఊపిరి సగంలోనే ఆగిపోతోంది, చెవుల్లో హోరు. ఎవరో "టార్చి ఏదీ" అంటున్నారు గానీ ఆ మాటలు చాలా దూరం నుంచి వినపడుతున్నాయి. పచ్చ బటన్ చీకట్లో కూడా వెలుగుతోంది. అది ఎక్కడుందో నాకు ముందే తెలుసు కాబట్టి, గోడ పట్టుకుని వెళ్ళి నొక్కాను. తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చి వరండాలో నేలమీదే కూర్చుండిపోయాను.

గేమ్ మాస్టర్ అర నిమిషంలో నీళ్ళ బాటిల్ తెచ్చాడు. "సారీ మేడమ్, లైట్ల సంగతి మీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. అవును, చెప్పాల్సింది. మూసిన గదులంటే భయమని ఒకరు ఫోన్ చేసి మరీ అడిగినప్పుడు, చీకటి ఉంటుందని చెప్పడం వాళ్ళ బాధ్యత. ఆ మాట అతనితో అన్నాను, తర్వాత మేనేజర్‌తోనూ అన్నాను. అదే సమయంలో, అడగడం నా చేతుల్లోనూ ఉంది. అందుకే మీరు ఫోన్ చేసినప్పుడు తలుపు గురించి అడిగినట్టే లైట్లు ఆర్పుతారా, ఎంతసేపు, హఠాత్తుగా పెద్ద శబ్దాలు వస్తాయా, పొగ వదులుతారా అని కూడా అడగండి.

చిన్ని నా వెనకాలే బయటికి వచ్చేసింది. "ఇక్కడే కూర్చుందాం, నాకు ఆట ముఖ్యం కాదు" అంది. అయిదు నిమిషాలు కూర్చున్నాం. గేమ్ మాస్టర్ గదిలో ఉన్న తెర వైపు చూస్తే, మావాళ్ళు లోపల ఆట ఆపేసి తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. గడియారం తిరుగుతూనే ఉంది. బావ వాకీటాకీలో "దానికి ఎలా ఉంది?" అని అడుగుతున్నాడు. అది చూసి ఏడుపొచ్చింది. లైట్లు వేసి ఉంచుతామని గేమ్ మాస్టర్ చెప్పాడు, అలా వేస్తారని కూడా నాకు తెలియదు. గోడమీది రాత మావాళ్ళు అప్పటికే చదివేశారట. లేచాను.

మళ్ళీ లోపలికి అడుగుపెట్టినప్పుడు తెర మీద 23 నిమిషాలు.

లోపల అందరూ ఒకే చోట ఆగిపోయి ఉన్నారు. బల్ల మీద మఖ్మల్ గుడ్డ పరిచిన చిన్న పీట ఉంది. దాని మీద సరైన వస్తువు పెడితే బీరువా పక్కకు జరుగుతుంది. పంతులు గాజు పేపర్‌వెయిట్ పెట్టాడు. నిజాం జాకబ్ వజ్రాన్ని పేపర్‌వెయిట్‌లా వాడాడని హైదరాబాద్‌లో తెలియనివాళ్ళు ఉండరు కదా. పెట్టి తీసి, తిప్పి పెట్టి, ఎంత చేసినా బీరువా కదల్లేదు. గోడమీది రాతలో "తండ్రి దాచిన చోట చూడు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉందట.

నేను అప్పుడే తలుపులోంచి వచ్చాను. నా కాలి పక్కనే ఆ బూట్లు.

2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగల ప్రదర్శన పెట్టినప్పుడు నాన్న నన్ను తీసుకెళ్ళారు. చాలాసేపు క్యూలో నిలబడ్డాం. సుమారు 185 క్యారట్ల ఆ వజ్రం ముందు నిలబడి నాన్న చెప్పిన కథ ఇది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన పోయాక, కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి అది తండ్రి బూటు ముందు భాగంలో దొరికిందట. పేపర్‌వెయిట్ సంగతి ఆ తర్వాతది. నాన్న పోయి మూడేళ్ళవుతోంది. ఆ గదిలో, ఆ క్షణంలో నాన్న గొంతు అంత స్పష్టంగా గుర్తుకొస్తుందని అనుకోలేదు.

వంగి బూటులో చెయ్యి పెట్టాను. కొనలో గుడ్డలో చుట్టిన గాజురాయి. పీట మీద పెట్టగానే బీరువా కిర్రుమంటూ పక్కకు జరిగింది. సీమ నన్ను అమాంతం ఎత్తినంత పని చేశాడు.

రెండో గది ఇంకా ఇరుకు, పాకుతూ వెళ్ళాలి. అక్కడికి నేను వెళ్ళలేదు. ముఖద్వారం దగ్గర నిలబడి, వాళ్ళు అరిచి చెప్పిన గుర్తులన్నీ కాగితం మీద రాసిపెట్టాను. లోపలివాళ్ళకు బయట ఒకరు రాసుకునేవాళ్ళు ఉండటం నిజంగా పనికొచ్చింది. 1591ని మూడుసార్లు తిప్పిన గోల మళ్ళీ జరగలేదు. ఒక్కో తాళం తెరుచుకుంటూ వచ్చింది. ఆఖరిది బాణం గుర్తుల తాళం, పైకీ కిందికీ పక్కలకీ జరపాలి. మూడు క్లూలూ అప్పటికే వాడేశాం. నాలుగోది అడిగితే అయిదు నిమిషాలు పోతాయి, మాకు మిగిలిందే నాలుగు. అడగలేదు. తెర మీద సున్నాలు పడేసరికి పంతులు చేతిలో ఆ తాళం అలాగే ఉంది.

గేమ్ మాస్టర్ లోపలికి వచ్చి, "జవాబు చెప్పమంటారా, మళ్ళీ వస్తారా?" అని అడిగాడు. బావ చెప్పమన్నాడు, పంతులు వద్దే వద్దన్నాడు. చేతులెత్తి ఓట్లు వేస్తే నలుగురు వద్దన్నారు. నా చెయ్యి కూడా వద్దన్న వైపే లేచింది. బూటు సంగతి రాయొచ్చా అని అడిగాను. ఈ నెలాఖరుకి ఆ గేమ్ తీసేసి కొత్తది పెడుతున్నారట, రాసుకోండి అన్నాడు. ఫోటో ప్రింటుకి 150 తీసుకున్నారు. ఆ ఫోటోలో నా కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా తీసుకున్నాను.

బయటికొచ్చేసరికి 6:20. నేను మెట్ల వైపు తిరిగితే మిగతావాళ్ళు కూడా లిఫ్టు బటన్ నొక్కకుండా నా వెంట వచ్చారు. రెండో అంతస్తు మలుపులో పంతులు ఠక్కున ఆగిపోయాడు. "గడియారాలు! ఆగిపోయిన గడియారాలు ఎందుకున్నాయని ఎవరమూ అనుకోలేదు!" అన్నాడు. మెట్ల మీదే కూర్చుని, నేను రాసిన కాగితం తీసి, మా అందరికీ వివరించాడు. సరిగ్గా సరిపోయింది. ఏమిటో ఇక్కడ రాయను. మామూలు రోజుల్లో మనిషికి 700, జీఎస్టీతో 826. 19వ తేదీ బుధవారం సాయంత్రం 7 గంటలకు మళ్ళీ బుక్ చేశాం. ఈసారి ఫోన్ చేసి, గదిలో ఒక లైటు వేసే ఉంచాలని ముందే చెప్పాను. సరేనన్నారు.